ఆ తెల్ల గీతలు సరిహద్దులు కావు



ఈసారి పోస్టు పొడుగే. విషయం కూడా కొంచెం కంప్యూటర్ గొడవ. అయినా చివరి దాకా చదవమని మనవి. సావనీర్ పని ఒక బొమ్మ దగ్గర పది రోజులు ఆగిపోయిందని గ్రూపులో చాలామంది విసుక్కున్నారు. "ఒక్క మ్యాప్ కోసం ఇంత రాద్ధాంతమా, స్క్రీన్‌షాట్ తీసి పెట్టేయొచ్చుగా" అన్నారు. రాద్ధాంతమే, ఒప్పుకుంటాం. కానీ కావాలనే చేశాం. ఎందుకు చేశామో, ఇకముందు కూడా ఎందుకు చేయాలంటున్నామో చెప్తాం.

జరిగింది ఇది. మన సభ్యుల ఇంటి అమ్మాయి ఒకరు పీహెచ్‌డీ చేస్తున్నారు. కొరాపుట్ నుంచి రాయగడ దాకా నేల ఎత్తుపల్లాలు చూపించే మ్యాప్ ఒకటి తయారుచేసి, థీసిస్‌లో పెట్టే ముందు మన సావనీర్‌కి ఇస్తానన్నారు. మాకు చాలా సంతోషం వేసింది. ఘాట్ రోడ్డులో తిరిగే మనందరికీ తెలిసిన నేలే అది. దేవమాలి శిఖరం 1672 మీటర్లు, ఒడిశా మొత్తానికీ ఎత్తైనది. కొరాపుట్ ఊరు సుమారు 870 మీటర్ల మీద ఉంది. రాయగడకి దిగేసరికి సుమారు 200 మీటర్లే. ఇంత దిగుడు ఒక్క పేజీలో రంగుల్లో కనిపిస్తే పిల్లలు కూడా ఆసక్తిగా చూస్తారు.

డేటా ఊరికే దొరికేదే. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అనే అమెరికా స్పేస్ షటిల్ 11 రోజులు తిరిగి, రాడార్‌తో భూమి ఎత్తులు కొలిచింది. దాన్ని ఎస్‌ఆర్‌టీఎం అంటారు. ఒక డిగ్రీ పొడవు, ఒక డిగ్రీ వెడల్పు ముక్కలుగా ఆ డేటా ఇస్తారు. కొరాపుట్, దేవమాలి ఒక ముక్కలో పడతాయి, రాయగడ ఇంకో ముక్కలో పడుతుంది. రెండూ రావాలంటే నాలుగు ముక్కలు అతికించాలి. 90 మీటర్ల రకం డేటాలో ఒక్కో ముక్కకి 1200 అడ్డం, 1200 నిలువు గళ్ళు. నాలుగూ కలిపితే 2400 అడ్డం, 2400 నిలువు, అంటే 57 లక్షల 60 వేల గళ్ళు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

అమ్మాయికి వాళ్ళ గైడుగారు చెప్పిన మాట ఒకటే: "బొమ్మ వెక్టర్‌లో ఉండాలి." తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఫోటోలాంటి బొమ్మ చుక్కల లెక్క, పెద్దది చేస్తే మసకబారుతుంది. దాన్ని రాస్టర్ అంటారు. వెక్టర్ అంటే "ఇక్కడ నుంచి ఇక్కడికి గీత గీయి, ఈ ఆకారంలో ఈ రంగు నింపు" అనే ఆదేశాల జాబితా. ఎంత పెద్దది చేసినా పదునుగానే ఉంటుంది. పీడీఎఫ్, ఈపీఎస్, ఎస్‌వీజీ మూడూ వెక్టర్‌ని మోయగలవు.

గైడుగారి మాట ప్రకారం ఆవిడ మొదట ఒక్కో గడికి ఒక్కో రంగు నింపి పీడీఎఫ్ తీశారు. 57 లక్షల చిన్న చిన్న నలుచదరాలు, ప్రతిదానికీ ఒక ఆదేశం. ప్రెస్సులో ఫైలు తెరవగానే కంప్యూటర్ బిగుసుకుపోయింది. పాపం ఆ డీటీపీ అబ్బాయి టీ తాగి వచ్చినా ఇంకా తెరుచుకుంటూనే ఉంది.

రెండోసారి గళ్ళు మానేసి, రంగు నింపిన కాంటూర్ చేశారు. 200 నుంచి 400 మీటర్లు ఒక రంగు, 400 నుంచి 600 ఒక రంగు, అలా పట్టీలు పట్టీలుగా. ఫైలు తేలికైంది, తెరుచుకుంది. కానీ రంగు మారే ప్రతి చోటా వెంట్రుక మందంలో తెల్ల గీత కనిపించింది. ఆవిడ ప్రోగ్రాంలో ఎక్కడా తెల్ల రంగే లేదు.

ప్రూఫ్ చూసిన మన పెద్దాయన ఒకరు అడిగిన ప్రశ్నతోనే ఈ గొడవంతా మొదలైంది.

"ఏమ్మా, ఈ తెల్ల గీతలేంటి? జిల్లా సరిహద్దులా?"

"కాదు తాతగారూ, అవి అసలు ఉండకూడదు. ఎక్కడినుంచి వచ్చాయో నాకూ తెలియట్లేదు."

నవ్వుకోవడానికి బాగానే ఉంది. కానీ ఆలోచించండి. మనం ఉన్న చోట గీతలకి ఎంత బరువుందో మనకి తెలుసు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ నేల మద్రాసు రాజధానిలో, విశాఖపట్నం జిల్లాతో ముడిపడి ఉండేది. 1992 అక్టోబరు 2న పాత కొరాపుట్ జిల్లా విడిపోయి రాయగడ, నవరంగపూర్, మల్కన్‌గిరి వేరే జిల్లాలయ్యాయి. మ్యాప్ మీద గీత మారితే మన ఇళ్ళలో బడి భాష మారింది, ఆఫీసు మారింది. అలాంటి చోట, ఎవరూ గీయని గీత ఒకటి అచ్చయిన మ్యాప్‌లో కనిపిస్తే చూసినవాళ్ళు దాన్ని నిజమనే అనుకుంటారు. రోడ్డు అనుకుంటారు, రైలు పట్టా అనుకుంటారు, సరిహద్దు అనుకుంటారు. మా బాధ అదీ. బొమ్మ అందం గురించి కాదు.

ఇక ఆ గీత ఎలా పుడుతుందో చెప్తాం. తెలుసుకుంటే భయం పోతుంది.

తెర మీద ప్రతి చుక్కకీ ఒకే రంగు ఉండగలదు. ఆకుపచ్చ పట్టీ, పసుపు పట్టీ కలిసే అంచు సరిగ్గా ఒక చుక్క మధ్య నుంచి పోయిందనుకోండి. చూపించే సాఫ్ట్‌వేర్ అంచుల్ని నునుపు చేయడానికి ఇలా లెక్కేస్తుంది. ముందు ఆకుపచ్చ వేస్తుంది. చుక్కలో సగమే కాబట్టి సగం ఆకుపచ్చ, సగం కింద ఉన్న తెల్ల కాగితం. తర్వాత పసుపు వేస్తుంది. అదీ సగమే, కాబట్టి సగం పసుపు, మిగతా సగంలో ఇందాకటి మిశ్రమం. అంటే చివరికి సగం పసుపు, పావు ఆకుపచ్చ, పావు తెలుపు. రెండు రంగులూ ఖాళీ లేకుండా ఆనుకునే ఉన్నాయి, అయినా పావు వంతు కాగితం బయటికి తొంగిచూసింది. ఆ పావు తెలుపే మన పెద్దాయనకి జిల్లా సరిహద్దయింది.

కాబట్టి డేటాలో తప్పు లేదు, అమ్మాయి ప్రోగ్రాంలోనూ లేదు. అది చూపించే సాఫ్ట్‌వేర్ లెక్క. మ్యాట్‌ప్లాట్‌లిబ్ వాళ్ళు కూడా రంగుల కొలబద్దలో వచ్చే ఇలాంటి తెల్ల సందుల గురించి, ఇది చూపించే సాఫ్ట్‌వేర్ల లోపమేనని తమ డాక్యుమెంటేషన్‌లో రాసుకున్నారు. ఆర్ వాడేవాళ్ళకీ, మ్యాట్‌ల్యాబ్ వాడేవాళ్ళకీ ఈ గీతలు పాత చుట్టాలే. మ్యాట్‌ల్యాబ్‌లో ఇంకో తిప్పలుంది. పెద్ద ఆకారాన్ని అది త్రికోణాలుగా ముక్కలు చేసి పంపే సందర్భాలున్నాయి. అప్పుడు ఒకే రంగు మధ్యలో కూడా సాలెగూడులా గీతలు కనిపిస్తాయి.

మన పిల్లలకి ఇది ఎదురైతే నాలుగు పరీక్షలు చేసుకోమని చెప్పండి. మేము అమ్మాయి పక్కన కూర్చుని ఇదే వరసలో చేశాం.

మొదటిది, బొమ్మని బాగా పెద్దది చేసి చూడటం. ఎంత పెద్దది చేసినా గీత వెంట్రుకలాగే ఉండిపోతే అది తెర లెక్క. బొమ్మతో పాటు గీత కూడా లావైతే ఫైల్లో నిజంగానే సందుంది. అప్పుడు డేటాకి తిరిగి వెళ్ళాలి.

రెండోది, ఇంకో సాఫ్ట్‌వేర్‌లో తెరవడం. అక్రోబాట్‌లో అయితే ప్రిఫరెన్సెస్‌లో పేజ్ డిస్‌ప్లే కింద గీతల్ని నునుపు చేసే ఆప్షన్ ఉంటుంది. దానికున్న టిక్కు తీసేయండి. గీతలు మాయమైతే రోగం ఎక్కడుందో తెలిసిపోయినట్టే.

మూడోది, ఫైలు లోపల చూడటం. ఇంక్‌స్కేప్ ఊరికే దొరుకుతుంది. అందులో తెరిచి రంగు మీద నొక్కితే అది ఒకే ఆకారమా, వేల ముక్కలా, లేక అసలు ఫోటోయేనా తెలిసిపోతుంది. ఫైలు పేరు చివర పీడీఎఫ్ అని ఉన్నంత మాత్రాన అది వెక్టర్ అయిపోదు. మ్యాట్‌ల్యాబ్‌లో ఎక్స్‌పోర్ట్‌గ్రాఫిక్స్ అనే ఆదేశం 2020 నుంచి ఉంది. అందులో వెక్టర్ కావాలో, ఇమేజ్ కావాలో మనం చెప్పొచ్చు. చెప్పకుండా వదిలేస్తే, బొమ్మ బరువుగా ఉన్నప్పుడు అదే నిర్ణయం తీసుకుని ఫోటోగా మార్చేయొచ్చు. చాలామంది పిల్లలు వెక్టర్ ఇచ్చామనుకుని ఫోటో ఇచ్చేది ఇక్కడే.

నాలుగోది, పారదర్శకత ఏమైనా వాడామా అని చూసుకోవడం. అమ్మాయి మొదట్లో కొండల నీడ కింద పొరలో పెట్టి, దాని మీద రంగుని సగం పారదర్శకంగా వేశారు. ప్రెస్సువాళ్ళు ఈపీఎస్ అడిగితే ఈపీఎస్ ఇచ్చారు. నీడ మొత్తం పోయింది. ఈపీఎస్ పోస్ట్‌స్క్రిప్ట్ కుటుంబానిది, దానికి సగం పారదర్శకం అన్న మాటే తెలియదు. మ్యాట్‌ప్లాట్‌లిబ్ అలాంటి రంగుని ఈపీఎస్‌లో పూర్తి మందంగానే రాస్తుంది, కింద ఉన్నది కప్పడిపోతుంది. పీడీఎఫ్‌కి 2001లో వచ్చిన 1.4 వెర్షన్ నుంచి పారదర్శకత తెలుసు. కాబట్టి పారదర్శకత ఉంటే పీడీఎఫ్ ఇవ్వండి, ఈపీఎస్సే కావాలంటే ఆ రంగుని ముందే కలిపి మామూలు రంగుగా మార్చి ఇవ్వండి.

రోగం తెలిసింది. ఇక మందు. మూడు రకాలున్నాయి, మూడింటికీ పథ్యాలున్నాయి.

అందరూ చెప్పే చిట్కా ఏమిటంటే, ప్రతి పట్టీ అంచుకీ ఆ పట్టీ రంగుతోనే సన్న గీత గీయించడం. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో అంచు రంగుని "ఫేస్" అని పెడితే చాలు. తెల్ల సందు మూసుకుపోతుంది. కానీ గీతకి మందం ఉంటుంది కదా, అందులో సగం పక్క పట్టీలోకి చొచ్చుకుపోతుంది. గీత సన్నగా ఉంటే పరవాలేదు. రంగు పారదర్శకంగా ఉంటే మాత్రం అంచుల దగ్గర రంగు రెండుసార్లు పడి, తెల్ల గీత బదులు ముదురు గీత తయారవుతుంది.

రెండోది మాకు బాగా నచ్చిన పద్ధతి. పట్టీల్ని పక్కపక్కన పెట్టకుండా ఒకదాని మీద ఒకటి పరచడం. 200 మీటర్లు దాటిన నేలంతా ముందు ఒక రంగు. దాని మీద 400 దాటినదంతా ఇంకో రంగు. దాని మీద 600 దాటినది. ఇలా దేవమాలి దాకా. అంచు దగ్గర కింద నుంచి తొంగిచూసేది తెల్ల కాగితం కాదు, కింది పట్టీ రంగే. అందుకని తెల్ల గీత పుట్టే అవకాశమే ఉండదు. ఇదీ పారదర్శక రంగులకి పనికిరాదు, ఒకదాని మీద ఒకటి పడి రంగులు మారిపోతాయి.

మూడోది, చివరికి మేము సావనీర్‌కి వాడింది. రంగు పొరని మాత్రమే ఫోటోగా మార్చి, ఊళ్ళ పేర్లు, రైలు మార్గం, నదులు, కొలతలు అన్నీ వెక్టర్‌గానే ఉంచడం. రెండూ ఒకే పీడీఎఫ్‌లో ఉంటాయి. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో రంగు పొరకి "రాస్టరైజ్డ్" అని చెప్పి, దాచేటప్పుడు డీపీఐ ఇస్తే అయిపోతుంది. మ్యాట్‌ల్యాబ్‌లో అయితే రంగు పొరని విడిగా పీఎన్‌జీ తీసి, మళ్ళీ లోపలికి తెచ్చుకుని, దాని మీద గీతలు, అక్షరాలు వేసుకోవచ్చు. కొంచెం పని ఎక్కువ, అంతే.

"మరి వెక్టర్ పోయిందిగా" అని గైడుగారు అడిగారట. ఇక్కడే ఇందాకటి అంకె పనికొచ్చింది. మన మ్యాప్ పేజీలో 6 అంగుళాల వెడల్పు. అంగుళానికి 400 చుక్కలంటే మొత్తం 2400 చుక్కలు. డేటాలో అడ్డంగా ఉన్నవీ 2400 గళ్ళే. అంటే గడికో చుక్క. ఆ డేటాలో ఉన్న దాంట్లో ఒక్క గింజ కూడా మనం పారబోయలేదు. అంతకంటే పదునుగా చూపిస్తే అది సాఫ్ట్‌వేర్ కల్పించిన పదునే అవుతుంది గానీ కొలిచిన పదును కాదు. ఆయన ఒప్పుకున్నారు.

అందుకే మా అభిప్రాయం స్పష్టంగా చెప్తున్నాం. "అంతా వెక్టర్‌లోనే ఉండాలి" అనేదీ గుడ్డి నియమమే, "స్క్రీన్‌షాట్ తీసి పెట్టేయ్" అనేదీ గుడ్డి నియమమే. ఏ భాగానికి ఏది నప్పుతుందో చూసి ఇవ్వాలి. కొలిచిన రంగు చుక్కల్లో, గీసిన గీత గీతగా, రాసిన అక్షరం అక్షరంగా.

స్క్రీన్‌షాట్ మీద మాకెందుకంత కోపమో కూడా చెప్పాలి. స్క్రీన్‌షాట్ తీస్తే తెల్ల గీత పోదు, తెర మీద ఏది ఉందో అదే ఫోటోలో అచ్చయిపోతుంది. ఇక దాన్ని తీయడం ఎవరి తరమూ కాదు. పైగా ఊరి పేర్లు మసకబారతాయి. దాన్ని వాట్సాప్‌లో ఫోటోగా పంపితే ఇంకా కుదించుకుపోతుంది. చిన్న దారి అనుకున్నది తప్పుని శాశ్వతం చేసే దారి.

ఇంకో వాదన కూడా వచ్చింది. "ప్రింటులో ఆ గీతలు రావు, తెర మీదే కదా" అని. చాలావరకు నిజమే. ప్లేటు తీసే యంత్రాలు చాలా సన్న చుక్కలతో పనిచేస్తాయి, తెరలా రంగులు కలిపి నునుపు చేయవు. కానీ మన సావనీర్ కాపీ చేతిలో పట్టుకుని చదివేవాళ్ళెంతమంది, హైదరాబాదులోనో, విశాఖలోనో, అమెరికాలోనో కూర్చుని ఫోనులో పీడీఎఫ్ చూసేవాళ్ళెంతమంది? థీసిస్ పరీక్షించే ప్రొఫెసరుగారు కూడా తెర మీదే చూస్తారు. తెర మీద తప్పుంటే తప్పున్నట్టే.

ఇక సంఘం నుంచి మేము కోరేది మూడు విషయాలు.

సావనీర్‌కి బొమ్మ, చార్టు, మ్యాప్ ఏది వచ్చినా స్క్రీన్‌షాట్ తీసుకోవద్దు. అసలు పీడీఎఫ్ గానీ, వీలైతే దాన్ని తయారుచేసిన ఫైలు గానీ అడుగుదాం. ఇచ్చినవాళ్ళని ఇబ్బంది పెట్టడం కాదిది, వాళ్ళ కష్టాన్ని గౌరవించడం.

ప్రూఫ్ చూసేటప్పుడు అక్షరదోషాలు వెతికినట్టే బొమ్మలూ చూద్దాం. ఒకరు బొమ్మ చేసినవాళ్ళు, ఒకరు ఆ నేల తెలిసినవాళ్ళు. మన పెద్దాయనకి కంప్యూటర్ రాదు. కానీ తప్పు పట్టింది ఆయనే. అక్కడ సరిహద్దు లేదని ఆయనకి తెలుసు కాబట్టి పట్టారు.

మూడోది, వేసవి సెలవుల్లో ఒక ఆదివారం మన పిల్లల్ని కూర్చోబెడదాం. సునాబేడలో సెంట్రల్ యూనివర్సిటీలో చదివేవాళ్ళున్నారు, గుణుపూర్‌లో ఇంజినీరింగ్ చదివేవాళ్ళున్నారు, బయట ఊళ్ళలో ఎంటెక్‌లు చేసేవాళ్ళున్నారు. అందరికీ గ్రాఫు గీయడం నేర్పుతారు. దాన్ని బయటికి సరిగ్గా తీయడం మాత్రం ఎవరూ నేర్పరు, సమర్పించే రోజు రాత్రి ఏడుస్తూ నేర్చుకుంటారు. డబ్బు ఖర్చు కూడా లేదు. మ్యాట్‌ప్లాట్‌లిబ్, ఆక్టేవ్, ఇంక్‌స్కేప్ అన్నీ ఉచితమే. ఒక గది, ఒక ప్రొజెక్టరు, మధ్యాహ్నం భోజనం చాలు. నేర్పడానికి ఆ అమ్మాయి సిద్ధంగా ఉన్నారు.

మన సంఘానికి ఇదేం కొత్త దారి కాదు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం సైన్సు కాలేజీకి జైపూర్ మహారాజు విక్రమదేవ వర్మగారి పేరే పెట్టారు. తెలుగు పిల్లలు సైన్సు చదవాలని ఈ కొండల మీద నుంచి డబ్బు పంపిన మనిషి ఆయన. మనం ఏడాదికొక ఆదివారం ఇవ్వలేమా?

ఇప్పుడు మ్యాప్ సిద్ధంగా ఉంది. దేవమాలి దగ్గర ముదురు రంగు, రాయగడ దగ్గర ఆకుపచ్చ, మధ్యలో రైలు మార్గం ఒక్కటే నల్ల గీత. తెల్ల గీత ఒక్కటి కూడా లేదు. పెద్దాయనకి మళ్ళీ చూపించాం. చాలాసేపు వేలు పెట్టి వెతికి, "ఆఁ, ఇప్పుడు మన నేలలా ఉంది" అన్నారు.

పది రోజులు ఆలస్యమైనందుకు క్షమించండి. ఆదివారం సంగతి మీ పిల్లలకి చెప్పండి. మన సెక్రటరీగారికి పేర్లు ఇస్తే మిగతా ఏర్పాట్లు మేము చూసుకుంటాం.

సావనీర్ కమిటీ తరఫున